ఆయనకు తెలియకుండా ఆయన పుట్టినరోజు

మా ఆయనకు జులై 1 అంటే గిట్టదు. బళ్లో వేసేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ రాసేశారట. సర్టిఫికెట్‌లో, సర్వీసు పుస్తకంలో, ఆధార్‌లో అదే నిలిచిపోయింది. ఆ రోజు ఎవరైనా శుభాకాంక్షలు చెబితే "అది కాగితం పుట్టినరోజు" అని ఊరుకుంటారు. అందుకే ఆయనకు డెబ్బై నిండే ఏడు, అసలు పుట్టినరోజునాడే, ముందు చెప్పకుండా ఇంట్లో వేడుక చెయ్యాలనుకున్నాను. ఎలా చేశానో వరసగా చెబుతాను.

ముందు తిథి కావాలి. మా అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆ రోజు పరమాన్నం వండేవారు. ఆవిడ పోయాక ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అమలాపురంలో ఉన్న పెద్ద వదినగారికి ఫోన్ చేశాను. "మార్గశిర శుద్ధ పంచమి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పురిటి గది గుమ్మం దగ్గరే నుంచున్నాను" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా.

పంచాంగం తీస్తే 2025లో ఆ పంచమి నవంబరు 25, మంగళవారం. అంతకుముందు ఏడు డిసెంబరు 6న, దాని ముందు ఏడు డిసెంబరు 17న వచ్చింది. తిథి ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వస్తుంది, అధికమాసం పడితే మాత్రం పంతొమ్మిది రోజుల దాకా ఆలస్యమవుతుంది. కాబట్టి కిందటేటి తేదీని నమ్ముకోకుండా ఆ ఏటి పంచాంగమే చూడండి.

పిలుపులు పద్దెనిమిది మందికే. అంతకు మించితే ఆ వయసులో పలకరింపులకే అలసిపోతారు. నా కళ్లు మసక కాబట్టి నా ఫోన్లో మెసేజీలు చదివి వినిపించేది ఆయనే. అందుకని మాటలన్నీ మేడ మీద అద్దెకుండే అమ్మాయి ఫోన్లో నడిపించాం. కుటుంబం గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

గుట్టు బయటపెట్టేది మాటలకన్నా వాసన. పులిహోర పులుసు ఉడుకుతుంటే వీధి చివరిదాకా తెలుస్తుంది. అందుకే వంటంతా మేడ మీదే. ముందురోజు పావుకిలో చింతపండు నానబెట్టి, చిక్కగా పిండి, పచ్చిమిర్చి చీలికలు, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి, నువ్వుల నూనెలో నూనె పైకి తేలేదాకా ఉడికించాం. అది కిలోన్నర బియ్యానికి సరిపోయింది. మర్నాడు అన్నం పొడిపొడిగా వండి, పళ్లెంలో ఆరబెట్టి, పులుసు కలిపి, ఇంగువ తిరగమోత పెట్టాం. గారెలకు కిలో మినపప్పు ఉదయమే నానబోసి మధ్యాహ్నం రుబ్బుకున్నాం. వేయించడం మాత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టాకే, ఎందుకంటే గారె వేడిగా ఉంటేనే గారె. ఆయనకు షుగరు ఉంది. పరమాన్నం మానలేదు, ఆయన గిన్నెలో రెండు చెంచాలే వడ్డించాం. అమ్మ చేతి తీపి ఆ రోజు ఆయన నాలుకకు తగలాలి.

సాయంత్రం నాలుగున్నరకు ఆయన పాత సహోద్యోగి వచ్చి గోదావరి గట్టుకు తీసుకెళ్లారు. వాళ్లకది రోజూ ఉన్న నడకే కాబట్టి అనుమానం రాలేదు. కొత్త పని కల్పించి పంపితే పెద్దవాళ్లు వెంటనే పసిగడతారు. నవంబరు చివర రాజమండ్రిలో ఐదున్నరకే చీకటి పడుతుంది. ఆరింటికల్లా తిరిగొస్తారు. ఉన్నది గంటన్నర.

ఆ గంటన్నరలో అన్నిటికన్నా ముఖ్యమైన పని చెప్పులు. గుమ్మం ముందు పద్దెనిమిది జతలుంటే ఇక దాచేదేముంది? అన్నీ పెరట్లోకి చేరవేశాం. బళ్లు పక్క వీధిలో పెట్టించాం. మామిడాకుల తోరణం వీధి గుమ్మానికి కాకుండా దేవుడి గది గుమ్మానికి కట్టాం.

దీపాలార్పి చీకట్లో ఒక్కసారిగా అరవడం నాకు ఇష్టం లేదు. డెబ్బై ఏళ్ల గుండెను, బీపీ ఉన్న మనిషిని ఉలిక్కిపడేలా చెయ్యకూడదు. ఆయన్ని మామూలుగానే రానిచ్చాం. కాళ్లు కడుక్కుని పడక్కుర్చీలో కూర్చున్నారు. మనవరాలు కాఫీ తెచ్చి ఇచ్చింది.

"నువ్వెప్పుడొచ్చావే?"

"ఇందాకే తాతయ్యా."

రెండు గుక్కలు తాగాక వదినగారు లోపలి గదిలోంచి వచ్చారు.

"ఏరా తమ్ముడూ, ఇవాళ ఏ తిథో తెలుసా?"

ఆయన లేచి నిలబడ్డారు. "అక్కా, పంచమా?" అన్నారు. గొంతు పూడుకుపోయింది. తర్వాత ఒక్కొక్కరే, నిమిషానికొకరు చొప్పున బయటికి వచ్చారు. కొడుకు, కోడలు, చివర్లో కాలేజీలో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. అలా విడివిడిగా రావడం వల్ల ప్రతి మనిషినీ ఆయన తృప్తిగా చూసుకున్నారు. అందరూ ఒకేసారి మీద పడితే అది జరిగేది కాదు.

కేకు పిల్లల కోసం తెచ్చాం గానీ కొవ్వొత్తులు ఊదించలేదు. పుట్టినరోజున దీపం ఆర్పడానికి మా ఇంట్లో మనసొప్పదు. ఆయన చేత కుందిలో దీపం వెలిగించి, తూర్పుముఖంగా కూర్చోబెట్టి, నేనూ వదినగారూ హారతిచ్చాం. ఆయనకన్నా పెద్దవారు ఆవిడొక్కరే కాబట్టి ముందు ఆవిడ అక్షింతలు వేశారు. మాత్ర వేళ దాటకుండా ఏడున్నరకే వడ్డించి, తొమ్మిదింటికల్లా ఆయన్ని పడుకోనిచ్చాం.

వదినగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ తిథి ఆవిడొక్కరికే గుర్తుంది. మీ ఇంటి పెద్దవారి అసలు పుట్టినరోజు తెలిసిన మనిషి ఇంకా ఉంటే, ఇవాళే ఫోన్ చేసి అడిగి రాసిపెట్టుకోండి.