మీ నాయనమ్మ పుట్టినరోజు ఎప్పుడో మీకు తెలుసా?

 

పుట్టినరోజు నాడు కేక్ కోయొచ్చా, దీపం ఆర్పొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దానికి చివర్లో వస్తాను. ముందు పోయిన ఏడాది నేను బాగా సిగ్గుపడిన ఒక సంగతి చెప్పాలి.

మాది పరిటాల. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే హైవే మీద నందిగామ, కంచికచర్ల దాటాక ఆంజనేయస్వామి 135 అడుగుల విగ్రహం కనిపిస్తుంది కదా, ఆ ఊరు. చాలామంది బస్సు కిటికీలోంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. నేను అక్కడ దిగుతాను, అంతే తేడా.

మా ఆఫీసు టీమ్‌లో అందరి పుట్టినరోజులూ క్యాలెండర్‌లో ఉంటాయి. పొద్దున్నే రిమైండర్ వస్తుంది. నేనూ అందరితో పాటు హ్యాపీ బర్త్‌డే అని కొట్టి, ఒక కేక్ బొమ్మ పెడతాను. కొందరితో ఒక్కసారి కూడా మాట్లాడింది లేదు. పోయిన ఏడాది వేసవిలో ఆస్పత్రి పని మీద మా నాయనమ్మ ఆధార్ కార్డు చూశాను. పుట్టిన తేదీ 1950 జనవరి 1 అని ఉంది.

"నాయనమ్మా, నువ్వు జనవరి ఫస్టున పుట్టావా?" అన్నాను.

"ఆ రాసుకునే అబ్బాయి ఏదో ఒకటి వేసుకున్నాడులే నాయనా. నేను పుట్టింది హనుమజ్జయంతి ముందురోజు" అంది, అదేదో ఊరందరికీ తెలిసిన విషయం అన్నట్టు.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

నిజంగానే ఎవరం అడగలేదు. నాన్నకీ తెలియదు. హనుమజ్జయంతికి ఊరంతా హడావిడి. చైత్ర పౌర్ణమి నుంచి 41 రోజులు దీక్ష చేసిన స్వాములు వస్తారు, వడమాలలు, తమలపాకుల పూజలు, ప్రసాదాలు. దానికి సరిగ్గా ముందురోజు, మా ఇంట్లోనే ఒకావిడ పుట్టినరోజు ఏటా అలా వెళ్ళిపోతూ వచ్చింది.

సంవత్సరం కూడా తేల్చాలి కదా. "నిజాం పోయేనాటికి నాకు నడక వచ్చిందంట, మా అమ్మ చెప్పేది" అంది. ఆవిడ పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ పరిటాలే. చుట్టూ బ్రిటిష్ వాళ్ళ కృష్ణా జిల్లా ఉన్నా అప్పట్లో మా ఊరు మాత్రం నిజాం కింద ఉండేది. నిజాం పాలన పోయింది 1948 సెప్టెంబరులో. అప్పటికి నడక వచ్చిన పిల్ల అంటే అంతకు ముందు ఏడాది వైశాఖంలో పుట్టి ఉండాలి. 1948 వైశాఖం అయితే నాలుగు నెలల పసిబిడ్డ, నడవదు. 1946 అయితే రెండేళ్ళు దాటి పరిగెత్తుతూ ఉండేది, నడక గురించి ఎవరూ చెప్పుకోరు. కాబట్టి 1947, సర్వజిత్తు నామ సంవత్సరం, వైశాఖ బహుళ నవమి. ఇంగ్లీషు లెక్కలో మే నెల మధ్యలో. ఆధార్ ఆవిడ వయసు రెండున్నరేళ్ళు తగ్గించింది! నా ఉద్యోగంలో ఏ బగ్ పట్టుకున్నప్పుడూ ఇంత సంతోషం కలగలేదు.

తిథి లెక్క ఎందుకు?

మన పెద్దవాళ్ళలో చాలామందికి తేదీ గుర్తుండదు కానీ "అట్లతద్దికి మూడు రోజుల ముందు", "సంక్రాంతి వెళ్ళిన వారానికి" అని గుర్తుంటుంది. అది మతిమరుపు కాదండీ, వాళ్ళ క్యాలెండర్ అదే. రాముడిది చైత్ర శుద్ధ నవమి, కృష్ణుడిది శ్రావణ బహుళ అష్టమి. హనుమంతుడిది పరాశర సంహిత ప్రకారం వైశాఖ బహుళ దశమి, అందుకే తెలుగువాళ్ళం ఎక్కువగా ఆ రోజే చేస్తాం. ఇంట్లో పుట్టిన పిల్లలకీ అదే పద్ధతి.

చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే. అందుకని తిథి ప్రకారం పుట్టినరోజు ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, అధిక మాసం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకొస్తుంది. 19 ఏళ్ళకోసారి రెండు లెక్కలూ దాదాపు ఒకేచోట కలుస్తాయి. అంటే మీ 19వ, 38వ, 57వ పుట్టినరోజులకి తేదీ, తిథి ఒక రోజు అటూఇటూగా ఒకేసారి వస్తాయి. కావాలంటే పంచాంగం యాప్‌లో మీ పుట్టిన తేదీ, సమయం, ఊరు పెట్టి చూడండి. సమయం తప్పకుండా పెట్టాలి, తిథి మధ్యాహ్నమో రాత్రో ఎప్పుడైనా మారిపోతుంది. కొన్ని ఇళ్ళలో తిథి బదులు జన్మ నక్షత్రం చూస్తారు. మీ ఇంటి పద్ధతి ఏదో అదే చేయండి, దీని మీద గొడవలు వద్దు.

ఇక ఆ రోజు చేసేది పెద్ద కష్టమేం కాదు. తలంటు, కొత్తబట్ట, ఇంట్లో దీపం. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు, ఈ ఏడుగురు చిరంజీవుల్నీ, వాళ్ళతో పాటు మార్కండేయుణ్ణీ తలుచుకోవడం. పాలల్లో బెల్లం, నువ్వులు కలిపి కాస్త తీసుకోవడం. తర్వాత పెద్దలకి నమస్కారం.

ఈ నమస్కారం దగ్గర కాసేపు ఆగుదాం. మార్కండేయుడికి ఆయుష్షు పదహారేళ్ళే. శివలింగాన్ని కౌగిలించుకున్న కథ అందరికీ తెలుసు. ఇంకో కథ కూడా ఉంది. కొడుక్కి ఆయుష్షు తక్కువని తెలిసిన మృకండు మహర్షి, కనిపించిన ప్రతి పెద్దవాళ్ళకీ నమస్కారం చేయమని పిల్లాడికి చెప్పాడట. ఒకరోజు సప్తర్షులు అటుగా వచ్చారు. పిల్లవాడు నమస్కరించాడు, వాళ్ళు అలవాటుగా దీర్ఘాయుష్మంతుడివి కమ్మని దీవించేశారు. తర్వాత సంగతి తెలిసింది. ఇక అన్నమాట నిలబెట్టుకోవడానికి ఆ పిల్లవాణ్ణి బ్రహ్మ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. చిన్నప్పుడు నాకు ఇది తెలివైన ట్రిక్కులా అనిపించేది. ఇప్పుడు ఆ తండ్రి గురించి ఆలోచిస్తున్నాను. తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు, ఇవ్వగలిగిన ప్రతివాళ్ళ ముందుకీ కొడుకుని పంపించాడు.

చిన్నప్పుడు పుట్టినరోజంటే మనం వరసగా ఎంతమంది కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళమో గుర్తుందా? తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ, పెదనాన్న, పక్కింటి మామ్మగారు. ఏడాది ఏడాదికీ ఆ వరస తగ్గుతుంది. నాన్నకి ఇప్పుడు ఆ వరసలో మిగిలింది నాయనమ్మ ఒక్కతే. మరి నాయనమ్మకి? పోయిన మే 21న, నవమి రోజు, మేమంతా ఊళ్ళో ఉన్నాం. తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకుని, "పదండి గుడికి" అంది. మర్నాడే జయంతి కాబట్టి అప్పటికే జనం మొదలయ్యారు. విగ్రహం ముందు నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళు ఇంకెవరున్నారురా, ఈయన తప్ప" అంది.

ఆ విగ్రహం పెట్టింది 2003లో, నాకంటే చిన్నది. అది మాత్రం ఆవిడకి చెప్పలేదు.

ఇంటికొచ్చాక మేం వరసగా దణ్ణాలు పెట్టాం. ఇచ్చేవాళ్ళు ఆవిడ, తీసుకునేవాళ్ళం మేం. పుట్టినరోజు ఆవిడదైనా పదిరూపాయల నోట్లు మా చేతుల్లో పడ్డాయి. ఆ వయసులో పుట్టినరోజు అలాగే ఉంటుంది కాబోలు. చిన్నవాళ్ళు వచ్చి వంగితేనే అది పుట్టినరోజు, రాకపోతే మామూలు నవమి.

నాన్న అరవై, అమ్మ పరమాన్నం

నాయనమ్మ జ్ఞాపకం ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది. నాన్న స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జులై 1. అప్పట్లో బడిలో చేర్చేటప్పుడు వేసేసిన తేదీ. అసలు పుట్టింది విశ్వావసు నామ సంవత్సరం కార్తీకంలో, నాగుల చవితి వెళ్ళిన రెండో రోజు. అంటే 1965 అక్టోబరు చివర. మన సంవత్సరాల పేర్లు 60. ఆ చక్రం పూర్తయి, పుట్టిన సంవత్సరం పేరే మళ్ళీ వస్తే షష్టిపూర్తి. 2025 ఉగాదికి విశ్వావసు వచ్చింది. ఈ లెక్క చూస్తే అరవైకి అంత విలువ ఎందుకో అర్థమవుతుంది. తర్వాత డెబ్భైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములకి 29,530 రోజులు, ఎనభై ఏళ్ళ పది నెలలు. నాయనమ్మకి అది 2028 మార్చిలో వస్తుంది. ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.

నాన్న మాత్రం షష్టిపూర్తి వద్దన్నాడు. "అమ్మ ఉండగా నాకు ఈ పెద్దరికం ఏంట్రా, ఖర్చు కూడానూ" అని. నాయనమ్మే తేల్చింది. "నేనుండగానే చేసుకో. అక్షింతలు వేసే చెయ్యి ఉన్నప్పుడు కాక ఎప్పుడు చేసుకుంటావు?" అక్టోబరు 27న ఇంట్లోనే చిన్నగా చేశాం, ఆయుష్య హోమం, మళ్ళీ మాంగల్యధారణ. మర్నాడు మొంథా తుఫాను తీరం దాటింది, వస్తామన్నవాళ్ళలో సగం మంది రాలేకపోయారు. భోజనాలు మిగిలాయి. "ఇంక ఈ తేదీ ఎవరూ మర్చిపోరులే, తుఫాను ఏడాది" అంది నాయనమ్మ.

ఆ హడావిడిలోనే ఒక మాట బయటపడింది. అరవై నిండేది నాన్నకి, పక్కన కూర్చునేది అమ్మ. మరి అమ్మ అరవై ఎవరు చేస్తారు? మా ఇళ్ళలో అలాంటి అలవాటు లేదు. ఆడవాళ్ళ వయసు భర్త షష్టిపూర్తిలో కలిసిపోతుంది. ఇది నాకు నచ్చలేదు, నచ్చలేదనే రాస్తున్నాను. "నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?" అని అడిగితే నవ్వింది. "రథసప్తమి. ఏటా పరమాన్నం తింటున్నావుగా."

ఇరవై ఏడేళ్ళు తిన్నాను. తులసికోట దగ్గర పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పెట్టే ఆ పరమాన్నం సూర్యుడికోసమే అనుకున్నాను. నా పుట్టినరోజుకి పొద్దున్నే ఫోన్ చేసి "తలంటుకున్నావా, గుడికెళ్ళావా" అని అడిగే మనిషి, తన రోజుని పండగ వెనకాల పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు.

కేక్ సంగతి చెప్తానన్నాను కదా. నాయనమ్మ పుట్టినరోజుకి అక్క ఎగ్‌లెస్ కేక్ తెచ్చింది. కొవ్వొత్తులు పెట్టలేదు, దేవుడి దగ్గర దీపం వెలిగించాం. కేక్ కోయడం పాపమని నేను అనుకోను. ఆర్పే బదులు వెలిగించండి, అంతే. నాయనమ్మకి కేక్ కంటే పైన క్రీమ్ బాగా నచ్చింది.

ఈసారి రథసప్తమి జనవరి 25, ఆదివారం. మర్నాడు రిపబ్లిక్ డే, ఎలాగూ సెలవు. శనివారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.