గడియారముల వెనుక బాలుడు

పారిస్ నగరమునందలి మోన్‌పర్నాస్ రైలు స్టేషనులో గడియారములన్నియు వేళ తప్పక నడచుచుండెను. వానికి కీ ఇచ్చువాడెవడో ప్రయాణికులకు తెలియదు. ఆ పని చేయువాడు గోడల నడుమ దాగియున్న హ్యూగో అను పండ్రెండేండ్ల బాలుడు. 2011లో మార్టిన్ స్కోర్సేసీ దర్శకత్వమున వెలువడిన ‘హ్యూగో’ చలనచిత్ర కథ ఇది. బ్రయన్ సెల్జ్‌నిక్ 2007లో ప్రకటించిన నవల దీనికి మూలము.

కథాకాలము 1931. గడియారములు బాగుచేయు హ్యూగో తండ్రి అగ్నిప్రమాదమున మరణించెను. తండ్రి సోదరుడొకడు బాలుని స్టేషనుకు తెచ్చి, పని నేర్పి, తాగుడుకు లోబడి కనబడకుండ పోయెను. గడియారము లాగినచో తన గుట్టు బయటపడును. ఇన్‌స్పెక్టరు అనాథాశ్రమమునకు పంపును. ఆ భయముచే హ్యూగో ఒంటరిగా కీ ఇచ్చుచు, పాలు, రొట్టె దొంగిలించి కడుపు నింపుకొనుచుండెను.

తండ్రి విడిచిన ఆస్తి ఒక్కటే: చేత కలము పట్టిన మరబొమ్మ. అది బాగుపడినచో తండ్రి సందేశమును వ్రాయునని బాలుని ఆశ. చక్రములకై ఆటబొమ్మల దుకాణమున చేయి పెట్టి పట్టుబడెను. దుకాణపు వృద్ధుడు బాలుని చేతిపుస్తకమును లాగుకొని, అందు మరబొమ్మ చిత్రములు చూచి వెలవెలబోయెను. ఏల?

వృద్ధుని యింట పెరుగుచున్న ఇసబెల్ మెడలోని తాళపుచెవితో బొమ్మ కదలెను. చంద్రుని కంటిలో దిగబడిన రాకెట్టును గీసి, క్రింద ‘జార్జ్ మెలియెస్’ అని సంతకము చేసెను. అది ఆ వృద్ధుని పేరే!

హ్యూగో కల్పితుడు, మెలియెస్ కాడు. 1861లో జన్మించిన ఈ ఇంద్రజాలికుడు ఐదువందలకు పైగా చిత్రములు నిర్మించెను. 1902లో చంద్రయాత్రను తెరపై చూపెను. పిదప ఋణములపాలై, 1923లో తన చిత్రముల నెగిటివులను తానే తగులబెట్టెను. స్టేషనులో బొమ్మలమ్మి జీవించుటయు నిజమే. 1931లో ఫ్రాన్సు ఆయనను ‘లీజియన్ ఆఫ్ ఆనర్’ బిరుదముతో గౌరవించెను.

ఇద్దరును దాగినవారే. బాలుడు దిక్కులేక దాగెను. వృద్ధుడు ఓటమికి సిగ్గుపడి తన పేరునే దాచుకొనెను. యంత్రమున అక్కఱలేని మర యుండదు. అట్లే లోకమున అక్కఱలేని మనుష్యుడును ఉండడని హ్యూగో తలంపు. తుదకు ఇన్‌స్పెక్టరు చేజిక్కిన బాలుని, మెలియెస్ ముందుకు వచ్చి తనవానిగా చేకొనెను. తండ్రి సందేశము రాలేదు. కాని తండ్రి బొమ్మయే బిడ్డకొక యిల్లు చూపెను.

విద్యార్థులారా! దొంగతనము మెచ్చదగినది కాదు. ఐనను ఆకలిగొన్న బిడ్డను దండించుటకు ముందు వాని కథ యేమని అడుగుట ధర్మము. గడియారమున వేళ చూచువారు పెక్కుమంది. కీ ఇచ్చు చేతిని తలంచువారెందరు?