సీసపు జాడ తీసిన శాస్త్రజ్ఞుడు

కొంతకాలము క్రిందట మన సంఘ సభ్యులలో నొకరు తమ పొలపు మట్టిని ఎరువు తెచ్చిన ఖాళీ సంచిలో పోసి పరీక్షకు పంపిరి. భాస్వరము సమృద్ధిగా నున్నదని ఫలితము వచ్చెను. వారు సంతోషించి ఆ యేడు ఎరువు తగ్గించిరి, పంట దెబ్బతినెను. ఆ భాస్వరము పొలములోనిది కాదు, సంచిలోనిది. ఇట్టి పొరపాటు రైతులకే గాక గొప్ప ప్రయోగశాలలకును కలుగుచుండునని తెలుపుటకై, అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు క్లేర్ ప్యాటర్సన్ చరిత్రమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఈయన 1922లో అయోవా రాష్ట్రమున జన్మించెను. ఉల్కలలోని సీసమును కొలిచి భూమి వయస్సు నిర్ణయింప బూనెను. యురేనియము మిక్కిలి మెల్లగా మారి తుదకు సీసమగును గనుక, ఆ సీసమును బట్టి గడచిన కాలమును లెక్కింపవచ్చును. కాని కొలిచినప్పుడెల్ల సీసము ఉండవలసినదానికన్న హెచ్చుగా కనబడుచుండెను. అది రాతిలోనిది కాదు. గదిలోని దుమ్ములోను, నీటిలోను, గాజు పాత్రలలోను, తన తలవెంట్రుకలలోను ఉన్నది. ఏండ్ల తరబడి గదిని కడిగి, గాలిని వడకట్టి, పాత్రలను ఆమ్లములతో శుభ్రపఱచి, 1956లో భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని ప్రకటించెను. ఆ లెక్క ఇంచుమించుగా నేటికిని నిలిచియున్నది.

మఱియొకరైనచో అంతటితో తృప్తిపడియుందురు. ఈయన మాత్రము, ఇంత సీసము ఎచ్చటనుండి వచ్చెనని విచారింపసాగెను. సముద్రపు నీటిని పరీక్షింపగా లోతునందుకన్న పైపొరలో సీసము అనేక రెట్లు హెచ్చుగా నుండెను. అనగా అది ఇటీవల పైనుండి పడినది. తరువాత గ్రీన్లాండులోను, దక్షిణ ధ్రువ ఖండములోను మంచును త్రవ్వించెను. అచ్చట ఏ యేటి మంచు ఆ యేటి పొరగా నిలిచియుండును. ప్లాస్టిక్కు దుస్తులు ధరించి, శుభ్రపఱచిన పనిముట్లతో ఆ మంచు దిమ్మెలను తీసిరి. క్రీస్తుపూర్వము 800 నాటి గ్రీన్లాండు మంచుకన్న 1960లనాటి మంచులో సీసము 200 రెట్లకు మించియుండెను. 1940 తరువాత మఱింత వేగముగా పెరిగెను. ఇంజను కొట్టుకొనకుండుటకై 1923 నుండి పెట్రోలులో సీసము కలిపి అమ్ముచుండుటయే దీనికి ముఖ్యకారణము.

జనుల రక్తములోని సీసము మామూలుగా నుండునదే యని ఆనాటి పండితులు చెప్పుచుండిరి. మామూలుగా నుండునది వేఱు, సహజముగా నుండవలసినది వేఱని ప్యాటర్సన్ 1965లో వ్రాసెను. ఈ మాటయే ఆయన జీవితములో మిక్కిలి విలువగలదని మా యభిప్రాయము. కాని దీనివలన పెట్రోలు వ్యాపారుల నుండి వచ్చుచుండిన ధనసహాయము నిలిచిపోయెను. 1971లో సీసముపై నివేదిక వ్రాసిన పండిత సంఘములోను ఆయనకు చోటీయలేదు.

డబ్బా చేపల సంగతి మన సభ్యులు ప్రత్యేకముగా గమనింపదగినది. పచ్చి ట్యూనా చేపలోకన్న డబ్బా చేపలో సీసము రెట్టింపైన లేదని ఒక ప్రభుత్వ పరీక్ష చెప్పెను. ప్యాటర్సన్, ఆయన సహోద్యోగియు 1980లో తమ శుభ్రమైన గదిలో కొలిచిరి. సీసముతో మాటువేసిన డబ్బాలోని చేపలో పచ్చిచేపకన్న వేల రెట్లు సీసముండెను! మొదటి పరీక్షలో పచ్చిచేపకే పరీక్షగది మురికి అంటుకొన్నందున డబ్బాలోని దోషము మరుగుపడినది. మన ఎరువు సంచి కథయే యిది.

అమెరికాలో పెట్రోలులోని సీసమును తగ్గించుచు వచ్చిన 1976-1980 నడుమ జనుల రక్తములోని సీసము మూడవవంతుకు పైగా తగ్గెను. ప్యాటర్సన్ 1995లో మరణించెను. మన దేశమున 2000లో సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిచెను. అన్నిటికన్న కడపట 2021లో అల్జీరియా దేశము మోటారు బండ్లకు దానిని అమ్ముట మానినది.

అయినను సీసము కుళ్ళిపోవు పదార్థము కాదు. వెనుక పడినది పెద్ద బాటల ప్రక్క నేలల పైపొరలో నేటికిని ఉండును. కావున మట్టి నమూనా తీయువారు బాట ప్రక్కను, గట్లమీదను, పెంటకుప్పల వద్దను తీయరాదు. క్రొత్త గుడ్డసంచిలో గాని శుభ్రమైన ప్లాస్టిక్కు సంచిలో గాని పోసి పంపవలెను.