గింజల కన్నా ముందు నీళ్లు

ఎండాకాలం మొదలైతే చాలు, అందరి వాట్సాప్ స్టేటస్‌లలో "పిట్టలకు గింజలు పెట్టండి" అనే ఫోటోలు కనిపిస్తాయి. మంచి మాటే. కానీ ప్రోగ్రామ్ రన్ కాకపోతే మనం ముందు తప్పు ఏ లైన్‌లో ఉందో చూస్తాం, ఆ తర్వాతే కోడ్ మారుస్తాం. పిట్టల విషయంలోనూ అదే పద్ధతి పనికొస్తుంది. మన ఊళ్లో పిట్టకు అసలు తక్కువైంది ఏంటి? తిండా, నీళ్లా, గూడా?

మాది ఆత్మకూరు. కర్నూలు నుంచి శ్రీశైలం పోయే దారిలో, నల్లమల అంచున ఉంటుంది. ఊరు దాటితే జొన్న, కొర్ర, మొక్కజొన్న చేలు. కాబట్టి గింజలు తినే పిట్టకు ఇక్కడ మరీ తిండి కరువు లేదు. కరువు వేరే చోట ఉంది.

పిచ్చుకలు ఎందుకు తగ్గాయి?

2018లో వచ్చిన "2.0" సినిమా చూసినవాళ్లను అడిగితే సెల్ టవర్ల వల్లే అంటారు. 2020లో వెలువడిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక చెప్పింది వేరు. దేశం మొత్తం మీద చూస్తే పాతికేళ్లుగా పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి పెద్ద నగరాల్లో. దానికి టవర్ల రేడియేషనే కారణం అనడానికి గట్టి ఆధారం లేదని, పురుగులు తగ్గడం, గూడు కట్టుకునే చోట్లు పోవడం కారణాలు కావచ్చని ఆ నివేదిక అంటుంది.

గూటి సంగతి మన వీధుల్లోనే చూడొచ్చు. పాత మిద్దె ఇల్లు ఎట్లుంటుంది? రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద మట్టి కప్పు. రాళ్ల మధ్య సందులు, దూలం చివర్ల దగ్గర ఖాళీలు, గోడలో దీపం పెట్టే గూళ్లు. మన భాషలో దీపం పెట్టేదీ గూడే, పిట్ట ఉండేదీ గూడే. ఇప్పుడు అన్నీ స్లాబు ఇళ్లు. నున్నగా ప్లాస్టరింగ్ చేసి, కిటికీలకు దోమల మెష్ కొట్టిస్తే మనకు హాయే. పిచ్చుక దూరడానికి మాత్రం ఒక్క సందు కూడా మిగల్లేదు.

1. నీళ్లు

మే నెలలో మన దగ్గర 42, 43 డిగ్రీలు మామూలే. పిట్టలకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరుచుకుని రొప్పుతూ ఒంట్లో తేమను ఆవిరి చేసుకుంటేనే వాటికి చల్లబడుతుంది. అంటే ఎండ పెరిగేకొద్దీ వాటికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. కుంటలు ఎండిపోయేది కూడా సరిగ్గా అప్పుడే.

వెడల్పాటి మట్టి మూకుడు చాలు. లోతు రెండు అంగుళాలు దాటొద్దు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. స్టీలు గిన్నె ఎండలో కాలిపోతుంది, వద్దు. మూకుడును నీడలో, పిల్లి దాక్కునే పొద దగ్గర కాకుండా కొంచెం ఎడంగా పెట్టాలి. రోజూ నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది, కొత్తవి పోయాలి. అట్లా చేస్తే దోమలు కూడా పెరగవు.

2. గూడు

చెక్క పెట్టె చేసుకుంటే ఎక్కువ రోజులు వస్తుంది. అడుగు భాగం ఐదారు అంగుళాలు, ఎత్తు ఎనిమిది అంగుళాలు ఉంటే సరిపోతుంది. అసలు కిటుకు రంధ్రంలో ఉంది: 32 మిల్లీమీటర్లు. పిచ్చుక పడుతుంది, గోరింక పట్టదు. రంధ్రం కింద కూర్చునే పుల్ల పెట్టొద్దు, అది వేరే పిట్టలకే ఉపయోగం. ఎనిమిది, పది అడుగుల ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు, ఫ్యాన్‌కు దూరంగా బిగించండి. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా దాదాపు నెల పడుతుంది. ఆ నెలంతా ఫోటో కోసం కూడా మూత తీయొద్దు.

3. పురుగులు

చాలామందికి తెలియని పాయింట్ ఇది. పెద్ద పిచ్చుక గింజలు తిన్నా, పిల్లలకు మొదటి రోజుల్లో ఎక్కువగా పెట్టేది పురుగులనే. కాబట్టి పెరట్లో మందు కొట్టి, పక్కనే గింజలు చల్లితే లెక్క కుదరదు. చిక్కుడు పాదుకు పేనుబంక పట్టిందని వెంటనే స్ప్రేయర్ ఎత్తకండి. చైనాలో 1958లో పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని వాటిని కోట్లలో చంపించారు. పంటను తినే పురుగులు పెరిగాయి. 1960 నాటికి చంపాల్సినవాటి జాబితాలో నుంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు.

చెట్ల విషయానికొస్తే, మందారం, దానిమ్మ పూలకు తేనెపిట్ట వస్తుంది. వేపపండ్లకు కోకిల, గోరింక వస్తాయి. కరివేపాకు చెట్టును కాయలు కాయనిస్తే పిగిలిపిట్టలు వదలవు. కుండీలో పెరిగే మొక్కలు కూడా ఇందులో ఉన్నాయి, కాబట్టి పెరడు లేదనే సాకు చెల్లదు.

4. చివరగా గింజలు

మా అవ్వ అంటుంది, "గింజలు చల్లితే చీమలు తింటాయి, కంకి కట్టు." కొర్ర కంకులో సజ్జ కంకులో నాలుగు కలిపి వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలు పట్టుకుని వేలాడుతూ తింటాయి. కింద పడి కుళ్లేది తక్కువ. పళ్లెంలో పెట్టేవాళ్లు నూకలు, సజ్జలు ఒక పూటకు సరిపడా మాత్రమే పెట్టాలి. మిక్చర్, చిప్స్ లాంటి ఉప్పు తిండి వద్దు. బ్రెడ్డు కడుపు నింపుతుందే గానీ బలం ఇవ్వదు. బూజు పట్టిన బుడ్డలు అసలే వద్దు, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు.

శుభ్రత చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో 2005 తర్వాత ట్రైకొమోనాస్ అనే పరాన్నజీవి వల్ల గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు భారీగా చనిపోయాయి. జనం ప్రేమగా పెట్టిన తిండి పళ్లేల దగ్గర గుమిగూడటం అది వ్యాపించడానికి ఒక దారి అయింది. కడగని పళ్లెం కన్నా అసలు పళ్లెం లేకపోవడమే మేలు.

పెరడు చేయలేనివి

రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. అది మీ జామచెట్టుకు వస్తే కాయలు తిననివ్వండి. పంజరంలో పెడితే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాగే మనకు దగ్గర్లోని రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేకపిట్ట కోసం ఏర్పాటు చేశారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం. దానికి మన మూకుడు, మన కంకి పనికిరావు. దానికి కావాల్సింది మైళ్ల కొద్దీ గడ్డి నేల. ఏ పిట్టకు ఏది తక్కువైందో కనుక్కోకుండా చేసే సాయం మన తృప్తి కోసమే అవుతుంది.

అందుకే ఫ్రెండ్స్, ఒక చిన్న అసైన్‌మెంట్. ఈ వారం మీ ఇంట్లోనో హాస్టల్ బాల్కనీలోనో ఒక మూకుడు పెట్టండి. రోజూ 15 నిమిషాలు చూసి ఏ పిట్ట వచ్చిందో, ఎన్ని వచ్చాయో రాసుకోండి. పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్‌ను అడగండి. లెక్కను ఈబర్డ్‌లో పెట్టండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన ఊరి లెక్క కూడా చేరుతుంది. పైన చెప్పిన లాంటి నివేదికలు తయారయ్యేది మామూలు జనం పంపిన ఇలాంటి లెక్కలతోనే. పెద్ద నగరాల పిచ్చుకల గురించి ఇప్పటికే రాశారు. ఆత్మకూరు పిచ్చుకల గురించి రాయాల్సింది మనమే.