పేరులేని బోర్డు: ఒక రేడియో మెకానిక్ అనుభవ పాఠాలు

పాత మైక్‌సెట్టులో నుంచో, టేప్‌రికార్డర్‌లో నుంచో ఊడదీసిన బోర్డును సంచిలో వేసుకొచ్చి "ఇది దేనిదో చెప్పు పెద్దాయనా" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువైనారు. పెట్టె ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వైర్లు కత్తిరించేసి ఉంటాయి. పని నేర్చుకునే పిల్లోళ్లకు నేను చెప్పేవి ఇవి. వరసకు పెద్ద అర్థం లేదు గానీ మొదటి రెండూ దాటొద్దు.

1. కంపెనీ ఏదని ముందు అడగొద్దు.
అహూజా, ఫిలిప్స్, మర్ఫీ, హెచ్.ఎం.వి. సెట్లయితే సరే. మన సీమలో తిరిగిన యాంప్లిఫైర్లలో చానా వాటికి కంపెనీయే లేదు. కడప నుంచి రైలెక్కి మద్రాసు రిచీ స్ట్రీట్‌కో, కర్నూలు నుంచి హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీకో, బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకో పోయి బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, నాబులు విడివిడిగా కొనుక్కొచ్చి ఊర్లోనే బిగించినవి. పెట్టె వడ్రంగిది, ముందర రేకు మీద పేరు షాపు ఓనరు కొడుకుది. అట్లాంటి బోర్డుకు పుట్టిన ఊరు వెతికితే సాయంత్రమవుతాది. అది ఏం పని చేసేదో అడుగు, జవాబు బోర్డు మీదే ఉంటాది.

2. తెలియనిదానికి కరెంటు ఇవ్వొద్దు.
వాల్వు సెట్టు బోర్డయితే మరీ. వాల్వు మీద మొదటి అక్షరం చూడు అబ్బీ. ఈ.సి.సి. 83, ఈ.ఎల్. 84 లాగా 'ఈ' ఉంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టే ఎక్కువ. యు.సి.ఎల్. 82, యు.వై. 85 లాగా 'యు' ఉంటే ఫిలమెంట్లన్నీ సీరీస్‌లో కట్టి నేరుగా మెయిన్‌కు తగిలించే రకం. అందులో చాసిస్సే షాకు కొట్టొచ్చు. దేనికైనా మొదటిసారి 60 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టు. బల్బు నిండుగా వెలిగి అట్లే ఉంటే లోపల షార్టు. అయితే బల్బు బోర్డును కాపాడుతుందే తప్ప నిన్ను కాదు. చాసిస్ మీద చెయ్యి పెట్టొద్దు.

3. నడిమధ్య కాదు, అంచులు చూడు.
కొత్తవాడి కన్ను నేరుగా పెద్ద ఐ.సి. మీదికి పోతుంది. ఐ.సి. ఏ బోర్డులోనైనా ఉండొచ్చు, అది నీకు సగమే చెబుతుంది. బోర్డు అంచుకు ఏమేం వచ్చి చేరినాయో చూస్తే కథంతా తెలుస్తుంది. వెనక టార్చి వేసి ప్రింటు చూడు. అన్నిటికన్నా వెడల్పాటి ప్రింటు సాధారణంగా ఎర్తు. కండెన్సర్ల మైనస్ కాళ్లు అక్కడికే చేరతాయి. రెక్టిఫైర్ డయోడ్ల పక్కనుండే లావు కండెన్సర్ మీద 25 వోల్టులని ఉంటే సప్లయి అంతకన్నా తక్కువే, 63 అని ఉంటే యాభై దాకా పోయి ఉండొచ్చు. ఆ కండెన్సర్ కాళ్లే సప్లయి ద్వారం. జాలీ కప్పిన సన్న వైరు ముక్క మిగిలి ఉంటే అది ఇన్‌పుట్టు. ఇంకో కొసన 1000 మైక్రోఫారడ్‌ల కండెన్సర్ ఒకటి ఒంటరిగా నిలబడి, దాని రెండో కాలు లావు వైరుకు పోతే అది స్పీకరు.

ఒక మెలిక. పాత జర్మేనియం సెట్లలో, ముఖ్యంగా ఓ.సి. 71, ఓ.సి. 72, ఏ.సి. 128 వేసినవాటిలో ప్లస్సే ఎర్తుగా ఉండటం మామూలు. మన అలవాటు ప్రకారం మైనస్‌ను ఎర్తనుకొని బ్యాటరీ ఇస్తే అంతే సంగతి.

4. నంబర్లు వయసు చెబుతాయి.
ట్రాన్సిస్టర్ నంబరు 'ఏ'తో మొదలైతే జర్మేనియం, 'బి'తో అయితే సిలికాన్. ఇది యూరప్ పద్ధతి. రెండో అక్షరం 'సి' అయితే చిన్న ఆడియో, 'డి' అయితే పవర్ ఆడియో, 'ఎఫ్' అయితే రేడియో వైపుది. జపాను ట్రాన్సిస్టర్ మీద ముందుండాల్సిన '2ఎస్' వదిలేసి సి 1815, డి 313 అని మాత్రమే అచ్చేస్తారు. ఐ.సి. మీద 8214 అని నాలుగంకెలు విడిగా ఉంటే అది చానాసార్లు 1982లో 14వ వారం. బోర్డు అంతకన్నా పాతది కాదు, ఎవరూ ఐ.సి. మార్చి ఉండకపోతే.

నంబర్లు చెరిగిపోతే తెచ్చినాయనను అడుగు. "మే నెలలో మధ్యాహ్నం బొంగురుపోయేది, పొద్దుగూకినాక బాగా పాడేది" అంటే నాకు సగం అనుమానం తీరిపోతాది. ఎండకు జర్మేనియంలో లీకేజీ పెరుగుతుంది, సిలికాన్‌కు ఆ బాధ తక్కువ.

5. రేడియో బోర్డును కడప స్టేషన్‌తో పట్టుకోవచ్చు.
ఎర్ర, పసుపు, తెల్ల తలలున్న చిన్న డబ్బా కాయిల్స్ కనిపిస్తే అది రేడియో. ఎరుపు ఆసిలేటర్, మిగతావి ఐ.ఎఫ్. ఆసిలేటర్ బతికి ఉందా లేదా అనేదానికి మీటరు అక్కర్లేదు. బోర్డుకు గ్యాంగ్ కండెన్సర్ ఉండి సప్లయి దొరికితే చాలు. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. దాన్ని పట్టడానికి ఆసిలేటర్ 455 ఎక్కువగా, అంటే 1355 దగ్గర ఆడాలి. పక్కన బాగున్న రేడియో పెట్టి 1355 దగ్గర నిలుపు. బోర్డు గ్యాంగును నెమ్మదిగా తిప్పుతుంటే ఒకచోట ఆ రేడియో ఈల వేస్తుంది, లేదా గరగర ఆగిపోతుంది. బోర్డు ఏం బోర్డో, ప్రాణముందో లేదో రెండూ ఒకేసారి తేలతాయి.

6. మైక్‌సెట్టా, టేపా, రికార్డ్ ప్లేయరా?
మనకు ఎక్కువగా వచ్చేది మైక్‌సెట్టే. 1885లో సురభి నాటకాలు పుట్టింది కడప జిల్లాలోనే కదా. జాతరలు, ఉరుసులు, పద్యనాటకాలు ఉన్నన్ని రోజులు ఈ బోర్డులు వస్తూనే ఉంటాయి. ఒకేరకం చిన్న మెట్లు మూడు నాలుగు పక్కపక్కన, ఒక్కోదానికి ఒక వాల్యూమ్, అన్నీ చివర ఒకచోట కలిస్తే మైకుల ప్రీయాంప్లిఫైర్. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ మీద 2ఎన్ 3055 జత ఉంటే పవర్ భాగం. దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 70, 100 వోల్టుల లైన్లు ఉంటాయి. హారన్ ఎక్కడో ఊరిబయట చింతచెట్టుకు కడతారు, తక్కువ వోల్టేజీతో పంపితే సన్న వైరే పవరంతా తినేస్తుంది.

పొడుగాటి జారుడు స్విచ్చి, చాలా కాళ్లతో, బోర్డు పొడవునా ఉంటే టేప్‌రికార్డర్. పక్కన డబ్బాలో బయాస్ ఆసిలేటర్ కాయిల్ ఉంటే కొంచెం మంచి రకం. రికార్డ్ ప్లేయర్‌వి సులభం, సిరామిక్ కార్ట్రిడ్జ్ కాలంనాటివి మరీ చిన్నవి. అన్నీ జంటగా ఉంటే స్టీరియో.

7. దుమ్మును ఊదేయకముందు చూడు.
ఆదోని జిన్నింగ్ మిల్లు దగ్గరి సెట్టులో పత్తి నూగు, బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీ దగ్గరిదానిలో తెల్ల పిండి. బోర్డు ఏదో తేల్చడానికి ఇది అంత సాయం కాదు, ఎక్కడ బతికిందో చెబుతుంది. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు వచ్చిన బోర్డులు వేరు కథ. తుంగభద్ర ఒండ్రు ఎండితే నంబర్లు మూసుకుపోతాయి. గీకితే అచ్చు కూడా లేస్తుంది. మంచినీళ్లలో మెత్తటి బ్రష్షుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, నీడలో బాగా ఆరబెట్టాకే చదువు.

8. గుర్తుపట్టినందుకు కూలి అడుగు.
ఏదో తేలినాక బోర్డు వెనక కాగితం అంటించి సప్లయి ఎంత, ఎర్తు ప్లస్సా మైనస్సా, ఏ వైరు ఎక్కడికో రాసి ఇవ్వు. రిపేరు చేయకపోయినా ఆ కాగితానికి డబ్బు తీసుకో. "చూసింది ఐదు నిమిషాలే కదన్నా" అంటారు. కాగితం చించుకుని బోర్డు ఇచ్చేస్తానను, జేబులో చెయ్యి పెడతారు.