కల్చర్ రిపోర్టు గంటలో రాదా?

ప్రశ్న: మా అత్తమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. మూత్రంలో మంట రావడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి. రెండుసార్లు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలతో తగ్గి, మళ్లీ వచ్చింది. ఇప్పుడు నారాయణఖేడ్‌లో డాక్టరు యూరిన్ కల్చర్ రాశారు. రిపోర్టుకు మూడు రోజులట. వెలుతురుతో చూసి గంటలోపే ఏ మందు పనిచేస్తుందో చెప్పే మిషన్ వచ్చిందని విన్నాం. మూడు రోజులు ఆగాల్సిందేనా?
- ఒక సోదరి, కల్హేర్

జవాబు: మీరు విన్నది నిజమే. స్వీడన్‌లో తయారైన పీఏ-100 అనే పరికరానికి 2024లో బ్రిటన్‌వాళ్లు 80 లక్షల పౌండ్ల లాంజిట్యూడ్ ప్రైజ్ ఇచ్చారు. కొన్ని చుక్కల మూత్రం చాలు. అందులోని బ్యాక్టీరియా పదివేలకు పైగా ఉన్న సన్నటి కాలువల్లో చిక్కుకుంటుంది. కొన్ని కాలువల్లో మందు కలుస్తుంది, కొన్నిట్లో కలవదు. సూక్ష్మదర్శిని కెమెరా వాటిని చూస్తూనే ఉంటుంది. మందు తగిలినా క్రిమి సాగుతోందంటే ఆ మందు దండగ. పెరుగుదల ఆగిందంటే పనిచేసినట్టు. ముప్పావు గంటలో తేలిపోతుంది.

కానీ నాకు తెలిసినంతవరకు అది మన వైపు దవాఖానలకు ఇంకా రాలేదు. వచ్చినా మీ అత్తమ్మకు సరిపోయేది కాదు. అది అయిదు మందులనే పరీక్షిస్తుంది, అదీ ఆడవాళ్లలో వచ్చే మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు. షుగర్ ఉండి, మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లకు పూర్తి కల్చరే కావాలి.

పెద్ద ల్యాబుల్లో వాడే వైటెక్ మిషన్ కూడా వెలుతురుతోనే చూస్తుంది. 64 చిన్న గుంటలున్న కార్డులో క్రిమిని, రకరకాల మోతాదుల్లో మందులను కలిపి, ప్రతి 15 నిమిషాలకోసారి కాంతిని పంపుతుంది. క్రిమి పెరిగిన గుంట బియ్యం కడిగిన నీళ్లలా మసకబారి కాంతిని అడ్డుకుంటుంది. ఫలితం చాలావరకు అదే రోజు వస్తుంది. అయితే ముందు క్రిమిని పెంచాలి, దానికి ఒక రోజు తప్పదు.

నా ఆందోళన మిషన్ గురించి కాదు, శాంపిల్ గురించి. ఈ-కోలై అనే క్రిమి అనువైన వేడిలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. కల్హేర్‌లో పట్టిన మూత్రం ఎండలో బస్సెక్కి సంగారెడ్డి ల్యాబ్ చేరేసరికి అందులో ఉన్నవీ, బయటి నుంచి చేరినవీ పెరిగిపోతాయి. ఆ రిపోర్టు చూసి మందు రాస్తే తప్పు మందు రాసే ప్రమాదం ఉంది. అందుకే ల్యాబ్ దగ్గరే శాంపిల్ ఇప్పించండి. ముందు నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్‌వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, శాంపిల్ ఇచ్చేదాకా మిగిలిపోయిన యాంటీబయాటిక్ గోలీ ఒక్కటి కూడా వేయొద్దు. అరకోర్సు మందు పడితే క్రిమి ల్యాబ్‌లో మొలవకపోవచ్చు, ఒంట్లో మాత్రం మిగలొచ్చు.

ఆ గోలీల్లో తరచుగా కనిపించేది సిప్రోఫ్లాక్సాసిన్. మన సంగారెడ్డి జిల్లాలోనే పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఈ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు మింగిన మనిషి నెత్తుట్లో ఉండేదానికంటే అది ఎక్కువ. ఇలా నీళ్లలోనూ ఒంట్లోనూ ఈ మందుకు అలవాటు పడిన క్రిములకు శాంపిల్ ఇవ్వకుండానే ఊహ మీద మందు వేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మూడు రోజులూ ఊరికే కూర్చోమని కాదు. శాంపిల్ ఇచ్చాక డాక్టరు ఒక మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. క్రియాటినిన్ రిపోర్టు, షుగర్ మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. కిడ్నీ బలాన్ని బట్టి కొన్ని మందులు పనికిరావు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం చూడకుండా వెంటనే దవాఖానలో చేర్పించండి.

ప్రశ్న: టీబీకి చేసే సీబీనాట్ కూడా ఇలాంటిదేనా?
- అదే ఉత్తరంలో

జవాబు: కాంతి ఉంది గానీ పద్ధతి వేరు. తెమడలోని టీబీ క్రిమి జన్యువును రంగు వెలుగునిచ్చే అణువులతో గుర్తించి, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో రెండు గంటల్లో చెబుతుంది. క్రిమిని పెంచదు కాబట్టే అంత వేగం. కానీ మిగతా మందుల సంగతి దీనితో తెలియదు, వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి. సర్కారు దవాఖానల్లో టీబీ పరీక్షలు, మందులు ఉచితం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ ఇచ్చి రండి.