మూడో కారణం

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక ఫలితానికి కారణాన్ని నిర్ణయించే ముందు ఆలోచించవలసిన అంశాలను తెలియజేయడం, మనోవిజ్ఞాన ప్రయోగాలలోని దోషాన్ని గుర్తించే నేర్పును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

తాటిచెట్టుపై కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందని చూచినవారు భావిస్తారు. దీనినే పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నారు. అయితే ఆ సమయంలో పెనుగాలి వీచి ఉండవచ్చు. ఆ గాలికి తాళలేకనే కాకి చెట్టును ఆశ్రయించి ఉండవచ్చు. ఆ గాలికే పండు రాలి ఉండవచ్చు. కంటికి కనిపించిన రెండింటి వెనుక కనిపించని మూడో కారణం ఉన్నదన్నమాట. శాస్త్ర పరిశోధనలో ఇట్టి మూడో కారణాన్ని ‘సంకీర్ణ చరం’ అని వ్యవహరించవచ్చు. ఆంగ్లంలో దీనినే కన్‌ఫౌండింగ్ వేరియబుల్ అంటారు.

ప్రయోగంలో పరిశోధకుడు తాను మార్చే అంశం స్వతంత్ర చరం. దాని ప్రభావం వల్ల మారుతుందని భావించి కొలిచే అంశం పరతంత్ర చరం. పాఠాన్ని బిగ్గరగా చదివితే ఎక్కువ గుర్తుంటుందా, మౌనంగా చదివితేనా అని తెలుసుకోదలచిన ఒక అధ్యాపకుని ఊహించవచ్చు. ఆయన గుడివాడలోని విద్యార్థుల చేత ఉదయం తొమ్మిది గంటలకు ఇరవై పదాలను బిగ్గరగా చదివించాడు. అవనిగడ్డలోని విద్యార్థుల చేత మధ్యాహ్న భోజనానంతరం అవే పదాలను మౌనంగా చదివించాడు. వీరిలో అనేకులు నాగాయలంక, కోడూరు ప్రాంతాల నుండి తెల్లవారకముందే లేచి బస్సులో వచ్చినవారు. గుడివాడ వారికి సగటున పదిహేను పదాలు, అవనిగడ్డ వారికి పదకొండు పదాలు గుర్తున్నాయి. బిగ్గరగా చదవడమే మేలని ఆ అధ్యాపకుడు తేల్చాడు.

ఆ తీర్పు నిలువదు. చదివే పద్ధతితో పాటు పరీక్షా సమయమూ మారింది, విద్యార్థుల అలసటా మారింది. నాలుగు పదాల తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం అసాధ్యం. దివిసీమ విద్యార్థుల జ్ఞాపకశక్తి తక్కువని ఎవరైనా అంటే అది అన్యాయం కూడా అవుతుంది.

అయితే ప్రయోగంలో కనిపించిన ప్రతి అంశమూ సంకీర్ణ చరం కాదు. రెండు గదులలోనూ ఫ్యాను చప్పుడు ఒకే విధంగా ఉంటే అది ఇరువురికీ సమానమైన ఆటంకమే. విద్యార్థుల చొక్కాల రంగు వేరైనా దానికి జ్ఞాపకశక్తితో సంబంధం లేదు. కనుక పరీక్షలో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ అంశం స్వతంత్ర చరంతో పాటు మారుతున్నదా? ఫలితంపై దీనికి స్వయంగా ప్రభావం ఉన్నదా? రెండింటికీ ‘అవును’ అన్న సమాధానం వస్తేనే అది సంకీర్ణ చరం. దాని పేరు వ్రాసి ఊరకుండక, అది ఫలితాన్ని ఏ వైపుకు మళ్ళించిందో కూడా వివరించాలి.

ఈ చిక్కు పండితులకూ తప్పలేదు. రెండు భాషలు మాట్లాడేవారిలో మతిమరుపు వ్యాధి సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా బయటపడుతున్నదని 2007లో కెనడాలోని టొరంటో పరిశోధకులు ప్రకటించారు. కాని అక్కడి ద్విభాషీయులలో అనేకులు విదేశాల నుండి వలస వచ్చినవారు. మేలు చేసినది భాషా, వలస వచ్చినవారి ప్రత్యేక జీవన నేపథ్యమా అన్న సందేహం మిగిలింది. హైదరాబాదులోని నిమ్స్ వైద్యశాలలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి. రెండు భాషలు నేర్వడానికి వలస పోనక్కరలేదు. ఇక్కడా ద్విభాషీయులలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించింది. చదువు మరో అనుమానం కదా! అక్షరం రాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. అయినా ఇది ప్రయోగం కాదు, పరిశీలన మాత్రమే. ఎవరికి ఎన్ని భాషలు రావాలో పరిశోధకుడు నిర్ణయించలేడు గదా!

పొరపాటు నిర్ణయానికి మూల్యం కొన్నిచోట్ల ప్రాణాలే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుపానులో మృతులు వెయ్యికి లోపే. ముందస్తు హెచ్చరిక ఒక్కటే ఈ మేలు చేసిందని చెప్పవచ్చునా? ఈ మధ్యకాలంలో తుపాను ఆశ్రయ భవనాలు వెలిశాయి. రెండవసారి లక్షకు పైగా ప్రజలను ముందుగా తరలించారు. నవంబరు వరి కోతలకు సిద్ధమయ్యే కాలం; మే నెలలో వరి చేలు బీడుగా ఉంటాయి. రెండు తుపానులు తీరం దాటిన చోట్లూ వేరు. హెచ్చరికే సర్వమనుకొని ఆశ్రయ భవనాలను పాడుబెడితే, మరొక ఉప్పెననాడు హెచ్చరిక విన్నవారికి వెళ్ళే చోటుండదు.

ప్రయోగంలో ఈ దోషాన్ని నివారించే మార్గాలున్నాయి. చీటీలు వేసి విద్యార్థులను రెండు బృందాలుగా విభజిస్తే అలసినవారు ఇరువైపులా దాదాపు సమానంగా చేరుతారు. పరీక్షా సమయాన్నీ, స్థలాన్నీ ఒకటిగా ఉంచవచ్చు. వయస్సు, చదువు సమానమైన వారిని జతలుగా ఎంచుకోవచ్చు. ఒకే విద్యార్థుల చేత రెండు పద్ధతులనూ చేయిస్తే, సగం మందికి వరుసను తిరగవేయాలి. పదాల పట్టికలనూ మార్చాలి.

కారణాన్ని వెదకేవాడు తన ఊహకు అనుకూలమైన సాక్ష్యాన్నే కాక, దానిని కాదనగల సాక్ష్యాన్నీ పిలవాలి. కాకిని నిందించే ముందు గాలిని విచారించడమే వివేకం.

కఠిన పదాలకు అర్థాలు
సంకీర్ణం = కలగలిసినది
చరం = మారే అంశం
ద్విభాషీయుడు = రెండు భాషలు మాట్లాడేవాడు
మూల్యం = వెల

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కాకతాళీయ న్యాయాన్ని పాఠంలో ఏ విధంగా అన్వయించారు?
2. ఫ్యాను చప్పుడు సంకీర్ణ చరం ఎందుకు కాదు?

వ్యాసరూప సమాధాన ప్రశ్న
మచిలీపట్నంలో ఒక తరగతికి కొత్త పద్ధతిలో అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు, మరొక తరగతికి పాత పద్ధతిలో కొత్తగా చేరిన అధ్యాపకుడు బోధించారు. మొదటి తరగతికి ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇందులోని సంకీర్ణ చరాన్ని గుర్తించి, దానిని నివారించే మార్గాన్ని వివరించండి.